పక్కవాద్యగాడి పేరు కూడా అచ్చు వేయండి

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. క్యూబా దేశపు పియానో విద్వాంసుడు రూబెన్ గొంజాలెస్ గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. లాటిన్ అమెరికా లయలను జాజ్‌తో కలిపే లాటిన్ జాజ్ వంటి విషయానికి తెలుగు పత్రిక ఒకటి అరపేజీ కేటాయించడం అరుదు కనుక ముందుగా మీకు అభినందనలు. అయితే ఆయన జీవితాన్ని ఆ వ్యాసం చెప్పిన తీరుతో నాకు పేచీ ఉంది. డెబ్బయ్యేళ్లు దాటాక ఎవరో విదేశీయులు వచ్చి మట్టిలోంచి మాణిక్యాన్ని వెలికి తీసినట్టు, అప్పటిదాకా ఆయన బతుకంతా 1997లో వచ్చిన ఒక్క ఆల్బం కోసం ఎదురుచూపులతోనే గడిచిపోయినట్టు రాశారు. యౌవనంలో పద్యనాటకాలకు హార్మోనియం వాయించి, తరువాత బ్యాంకు ఉద్యోగంలో స్థిరపడి, ఇప్పుడు కావలిలో విశ్రాంతి తీసుకుంటున్న నాకు ఈ కథనం మింగుడుపడలేదు. పక్కవాద్యం వాయించిన ఏళ్లను వృథా కాలం కింద జమకట్టడం ఆ పనిలోని కష్టసుఖాలు తెలియనివారు చేసే లెక్క.

రూబెన్ 1919లో శాంటా క్లారాలో పుట్టారు. సియెన్‌ఫ్యూగోస్‌లోని సంగీత విద్యాలయంలో పాశ్చాత్య శాస్త్రీయ పద్ధతిలో పియానో నేర్చుకున్నారు. డాక్టరు కావాలన్న ఆలోచనను పక్కనపెట్టి హవానా చేరి, 1940లలో ఆర్సెనియో రోడ్రిగెస్ బృందంలో వాయించారు. ఈ ఆర్సెనియో చూపు లేని మనిషి. 'త్రెస్' అనే తీగవాద్యంలో దిట్ట. ఏడుగురు వాద్యకారులతో సాగే పాత 'సోన్' అనే క్యూబా సంగీత బృందానికి పియానోను, కాంగా డ్రమ్మును, మరికొన్ని ట్రంపెట్లను చేర్చి దాని రూపమే మార్చిన వాడాయన. నేటి సాల్సా నృత్య సంగీత బృందాల అమరిక అక్కడి నుంచి వచ్చిందే. ఆ మార్పు జరుగుతున్న గదిలో పియానో ముందు కూర్చున్న యువకుల్లో రూబెన్ ఒకరు. ఆ తరువాత చా-చా-చా నృత్య సంగీతానికి ఆద్యుడైన ఎన్రికే హొర్రీన్ బృందంలో దాదాపు పాతికేళ్లు పనిచేశారు. 1979లో హవానాలోని మేటి వాద్యకారులందరినీ ఒకచోట చేర్చి 'ఎస్త్రెయాస్ దె అరెయితో' పేరిట రికార్డు చేసినప్పుడు అక్కడ కూడా ఆయన పియానో ఉంది. ఇంతటి మనిషిని 1996లో ఎవరో కనిపెట్టారనడం ఎంతవరకు సబబు? ఆయన ఊరికి ఆయన ఎప్పుడూ తెలుసు. తెలియనిది లండన్‌కు, న్యూయార్కుకు మాత్రమే.

మీ వ్యాసకర్త వదిలేసిన అసలు సంగతి ఒకటుంది. ఆ సంగీతంలో పియానో ఏం చేస్తుందో చెప్పకుండా ఆయన వేళ్ల చలాకీతనాన్ని ఎంత పొగిడినా పాఠకుడికి ఏమీ అందదు. క్యూబా సంగీతానికంతటికీ ఆధారం 'క్లావె' అనే లయ. రెండు చెక్కపుల్లలను ఒకదానితో ఒకటి తాటిస్తూ ఐదు దెబ్బలతో దాన్ని పలికిస్తారు. మన ప్రాంతంలో సంగీత పాఠాలు కొద్దిగానైనా విన్నవారికి దీన్ని అర్థం చేసుకోవడం కష్టం కాదు. 'తకిట తకిట తకధిమి తక తకధిమి' అని ఒకే వేగంతో పలుకుతూ ప్రతి జతిలో మొదటి అక్షరం మీద మాత్రమే చప్పట్లు కొట్టి చూడండి. మూడు, మూడు, నాలుగు, రెండు, నాలుగు కలిపి పదహారు. తాళం వేసే ఒక్కో చేతి క్రియకు రెండు అక్షరాల చొప్పున ఇది ఆదితాళంలో ఒక ఆవర్తనానికి సరిగ్గా సరిపోతుంది. లఘువు నడిచే మొదటి సగంలో మూడు దెబ్బలు పడతాయి, తక్కిన సగంలో ఒక్కో ద్రుతానికి ఒక్కటి చొప్పున రెండు పడతాయి. దీన్నే వాళ్లు మూడు-రెండు క్లావె అంటారు. సగాలను అటుదిటు చేస్తే రెండు-మూడు క్లావె అవుతుంది. పాట ఏ వరసలో ఎత్తుకుందో ఆ వరసను చివరిదాకా వదలకూడదు. పాట వరస ఒక దారిన, పియానో మరో దారిన పోతే లయ అడ్డం తిరిగిందని అక్కడి వాద్యకారులు వెంటనే పట్టేస్తారు.

ఈ ఐదు దెబ్బల చట్రంలో పియానో 'మొంతూనో' అనే చిన్న స్వరాల వరసను వాయిస్తుంది. రెండు చేతులూ ఒకే స్వరాలను వేర్వేరు స్థాయిలలో పలికిస్తాయి. అలా కాకపోతే బాకాల హోరులో, డ్రమ్ముల మోతలో అది వినిపించదు. ఎక్కువ స్వరాలు దెబ్బ మీద కాక దెబ్బకూ దెబ్బకూ మధ్య పడతాయి. కింద బేస్ వాద్యం సమం, అంటే ఆవర్తనం మొదటి దెబ్బ, వచ్చేదాకా ఆగకుండా, రాబోయే స్వరసంపుటిని (ఒకేసారి పలికే స్వరాల కూర్పును) ఒక దెబ్బ ముందే అందుకుంటుంది. అందరికందరూ ఇలా సమాన్ని తప్పించుకు తిరుగుతున్నా నృత్యం చేసేవాడి పాదం మాత్రం తడబడదు, ఎందుకంటే ఆ కట్టుబాటంతా క్లావె చేతిలో ఉంటుంది. ఇదే వరసను పది నిమిషాలపాటు వేగం పెరగకుండా, తగ్గకుండా, విసుగు రానివ్వకుండా నిలబెట్టడం తాన వరసలు దొర్లించడం కన్నా కష్టమని నా అభిప్రాయం. రూబెన్ అర్ధశతాబ్దం పాటు చేసిన పని ఇది. ఆయన సోలోలో వినిపించే ధీమా ఎక్కడిదనుకున్నారు? ఎంత దూరం పోయినా ఏ అక్షరం మీద తిరిగి వచ్చి మొంతూనోను అందుకోవాలో ఆయన చేతులకు తెలుసు. పక్కవాద్యంలో గడిపిన ఏళ్లే ఆయనను అంతటి సోలో వాద్యకారుణ్ణి చేశాయని నేను గట్టిగా నమ్ముతాను.

హవానాలో ఎగ్రెమ్ అనే ప్రభుత్వ రికార్డింగు సంస్థకు చెందిన స్టూడియోలో 1996 వసంతంలో ఆ ఆల్బం రికార్డయింది. అప్పటికి ఆయన ఇంట్లో పియానో లేదు. ఉన్నది పురుగు పట్టి పాడైపోయింది. కీళ్లనొప్పులు ఉండేవి, వాయించడం దాదాపు మానేశారు. రికార్డింగు రోజుల్లో పొద్దున్నే స్టూడియో తలుపు తీయకముందే వచ్చి నిలబడి, తీయగానే నేరుగా పియానో దగ్గరకు వెళ్లేవారని ఆ రికార్డింగు జరిపినవారు చెప్పారు. అదే స్టూడియోలో అప్పుడే సాగుతున్న మిగతా ఆల్బంల పని ముగిశాక రెండంటే రెండు రోజుల్లో, ఎక్కడా అతుకులు వేయకుండా, అందరూ ఒకే గదిలో కూర్చుని వాయించిందే 1997లో ఆయన పేరుతో బయటికి వచ్చింది. దేశం వెలుపల ఆయన పేరు మీద వచ్చిన తొలి ఆల్బం అదే. గాయకుడి కోసం ఆగనక్కరలేదు, చరణం ముగిసేదాకా చేతులు కట్టుకొని ఉండనక్కరలేదు, సోలో ఎంతసేపు సాగాలో ఎవరినీ అడగనక్కరలేదు. సొంత పేరుతో రికార్డు వస్తే వాద్యకారుడికి కలిగే అసలు మేలు ఇదేనని నేననుకుంటాను. కీర్తి మాట తరువాత. 1998 జూలైలో కార్నెగీ హాలులో వాయించారు. 2003 డిసెంబరులో హవానాలో కన్నుమూశారు.

ఆ ఆల్బంకు 'స్వతంత్ర' అన్న విశేషణాన్ని మీ వ్యాసకర్త కొంచెం ఉదారంగానే వాడారు. ఆ ఆల్బం తెచ్చిన వరల్డ్ సర్క్యూట్ లండన్‌లోని చిన్న సంస్థ. అప్పట్లో అది పెద్ద కంపెనీల పంజాలో లేదు కాబట్టి ఆ అర్థంలో స్వతంత్రమే. కానీ కంపెనీ స్వతంత్రంగా ఉండడం వేరు, కళాకారుడు స్వతంత్రంగా ఉండడం వేరు. లాటిన్ జాజ్‌లో ఈ రెండో దానికి మంచి ఉదాహరణ న్యూయార్కు పియానిస్టు ఎడ్డీ పాల్మియెరి. 1961లో సొంత బృందం పెట్టి, బాకాల స్థానంలో ట్రాంబోన్లను నిలబెట్టి సాల్సా నాదాన్నే మార్చిన ఈయన, డెబ్బయ్యేళ్ల వయసుకు చేరువైనప్పుడు ట్రంపెట్ వాద్యకారుడు బ్రయన్ లించ్‌తో కలిసి చేసిన ఆల్బం ఏ పెద్ద కంపెనీ నుంచీ రాలేదు. ఆర్టిస్ట్‌షేర్ అనే పద్ధతిలో శ్రోతలే ముందుగా సొమ్ము కట్టారు. అలా తయారైన ఆ ఆల్బం 2007లో ఉత్తమ లాటిన్ జాజ్ ఆల్బంగా గ్రామీ అందుకుంది. పెళ్లి బృందానికి ముందే బయానా ఇచ్చి తేదీ ఖాయం చేసుకునే అలవాటున్న మన జిల్లావాసులకు ఈ ఏర్పాటు కొత్తగా ఏమీ తోచదు. ఆ గ్రామీ వారే 2011లో తమ విభాగాలను 109 నుంచి 78కి కుదించినప్పుడు లాటిన్ జాజ్‌ను కూడా తీసేశారు. వాద్యకారులు ఊరుకోలేదు. నిరసన తెలిపి, కోర్టుకు కూడా వెళ్లారు. మరుసటి ఏడాదే ఆ విభాగాన్ని తిరిగి చేర్చక తప్పలేదు. పాల్మియెరి 2025 ఆగస్టులో మరణించారు. ఆ వార్త మన పత్రికల్లో నాకు కనిపించలేదు.

బెబో వల్దెస్ సంగతి కూడా మీ వ్యాసంలో ఉండవలసింది. హవానాలోని త్రోపికానా క్లబ్బులో పియానో వాయిస్తూ, బృందానికి స్వరరచన చేస్తూ వెలిగిన ఆయన 1960లో దేశం విడిచి, చివరికి స్టాక్‌హోంలో స్థిరపడి, మూడు దశాబ్దాల పాటు హోటళ్లలో అతిథులు భోజనం చేస్తుంటే పియానో వాయించారు. 1994లో, 76 ఏళ్ల వయసులో మళ్లీ ఆల్బం చేశారు. ఆ తరువాత గ్రామీలు వచ్చాయి. ఆయన ఎక్కడికీ పోలేదు, వాయిస్తూనే ఉన్నారు, వినేవారే లేకపోయారు.

ఇదంతా మన జిల్లాలకు ఎందుకు అవసరమో ఇప్పుడు చెబుతాను. నెల్లూరు పురమందిరంలో గానీ, ప్రకాశం జిల్లా పల్లెల్లో తిరునాళ్లలో గానీ పద్యనాటకం జరిగినప్పుడు తెల్లవార్లూ ఒక మనిషి హార్మోనియం ముందు కూర్చుంటాడు. కృష్ణుడి వేషధారి ఒక శ్రుతి, అర్జునుడి వేషధారి మరో శ్రుతి. పద్యం చివర నటుడు రాగం ఎత్తుకొని ఎంత దూరం పోతాడో, ఎక్కడ దిగుతాడో ముందుగా చెప్పడు. హార్మోనిస్టే ఊహించి, అతడి ఊపిరి అందని చోట స్వరం నిలిపి, అపస్వరం పలికితే దాన్ని కప్పి, 'వన్స్ మోర్' అన్నప్పుడు అదే పద్యాన్ని అంతే ఉత్సాహంతో మళ్లీ అందుకుంటాడు. ఎంత పేరున్న నటుడైనా మంచి హార్మోనిస్టు వస్తేనే వేషం కడతానని పట్టుబట్టిన సందర్భాలు ఆ రంగంలో ఉన్నవారందరికీ తెలుసు. మరునాటి పత్రికలో మాత్రం ఎవరు జ్యోతి ప్రజ్వలన చేశారో, ఎవరెవరు శాలువాలు కప్పారో, ముఖ్య అతిథికి ఎడమవైపున ఎవరు కూర్చున్నారో వివరంగా ఉంటుంది. నటుల పేర్లుంటాయి. హార్మోనిస్టు పేరు ఉండదు, తబలా వాయించినవాడి పేరు అంతకన్నా ఉండదు. ఇది మీ ఒక్క పత్రిక దోషం కాదని ఒప్పుకుంటాను.

కీబోర్డు వాద్యకారుల పరిస్థితీ ఇంతే. నెల్లూరులో, ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు పందొమ్మిదో శతాబ్దంలోనే అడుగుపెట్టారు. చర్చిలో ఆరాధన పాటలకు వాయిస్తూ మెట్ల మీద చేయి తిప్పడం నేర్చుకున్న కుర్రవాళ్లు ఈ జిల్లాల్లో ఎందరో ఉన్నారు. ఆదివారం పొద్దున చర్చిలో, రాత్రి పెళ్లి పాటకచేరిలో, వినాయక చవితి పందిట్లో, కసుమూరు దర్గాలో కవ్వాలీ బృందం వెనుక - ఒకే మనిషి నాలుగు రకాల సంగీతానికి నాలుగు రకాలుగా చేతులు మార్చుకోవడం నాకు తెలిసిన విషయం. జాజ్ అనే పేరు పెట్టకపోయినా, కాగితం మీద లేని స్వరాన్ని అక్కడికక్కడ పుట్టించే విద్య వీళ్ల దగ్గర ఉంది. పాటకచేరిలో వెనకాల ట్రాక్ వేసి పాడేయడం అలవాటయ్యాక వీళ్లకు పిలుపులు తగ్గాయి.

మన బాలుగారిని తలచుకోకుండా నెల్లూరులో సంగీతం గురించి రాయడం కుదరదు. కోనేటమ్మపేటలో పుట్టిన బాలసుబ్రహ్మణ్యం తొలినాళ్లలో నడిపిన బృందంలో గిటారు, హార్మోనియం వాయించినవారిలో ఇళయరాజా ఒకరు. అప్పట్లో ఆ కచేరీ వార్త రాసిన విలేకరి ఎవరైనా గాయకుడి వెనుక కూర్చున్నవారి పేర్లు కూడా అడిగి రాసుకొని ఉంటే, ఈనాడు ఆ కాగితం విలువ ఎంత ఉండేదో ఆలోచించండి. పక్కవాద్యం కాని వాద్యానికైతే ఈ ఇబ్బంది లేదు. ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా నాదస్వరంతో శ్రీరంగం చేరి సంగీత కళానిధి అనిపించుకున్నారు. నాదస్వరం ముందు కూర్చునే వాద్యం, అందుకే పేరు నిలిచింది. ఆయన పక్కన డోలు వాయించినవారి పేర్లు చెప్పమంటే మనలో ఎందరం చెప్పగలం?

పేరు వేయడం అనేది పత్రికల దయాదాక్షిణ్యాలకు సంబంధించిన సంగతి మాత్రమే కాదు. 1957 నాటి కాపీరైటు చట్టానికి 2012లో చేసిన సవరణ ద్వారా 38బి సెక్షను చేరింది. తన ప్రదర్శనకు తానే ప్రదర్శకుణ్ణని గుర్తింపు కోరే హక్కును అది ప్రదర్శకుడికి ఇచ్చింది. తన ప్రతిష్ఠకు భంగం కలిగేలా ప్రదర్శనను వక్రీకరిస్తే అడ్డుకొనే హక్కునూ ఇచ్చింది. చట్టం దృష్టిలో వాద్యకారుడు కూడా గాయకుడిలాగే ప్రదర్శకుడు.  పాటకచేరిని ఎవరో ఫోనులో తీసి యూట్యూబులో పెట్టి, గాయకుడి పేరు మాత్రం రాసి, మిగతావారిని 'ఆర్కెస్ట్రా' అనే ఒక్క మాటలో సరిపెట్టే రోజుల్లో ఈ సెక్షను గురించి మన జిల్లా వాద్యకారులకు తెలియజెప్పడం మీ పత్రిక చేయగలిగిన పనే. నిపుణుడైన న్యాయవాది చేత ఒక వ్యాసం రాయించండి.

సొంత ఆల్బం చేసుకోవడం ఇప్పుడు మునుపటంత అసాధ్యం కాదన్నది నిజమే. ఒక మంచి మైకు, కంప్యూటరు, నిశ్శబ్దంగా ఉండే గది ఉంటే హార్మోనియాన్ని శ్రావ్యంగా రికార్డు చేయవచ్చు. ఏ సంస్థ గడపా తొక్కకుండా దాన్ని లోకానికి వినిపించవచ్చు. కానీ రికార్డు చేయడం తేలికైనకొద్దీ వినిపించుకోవడం కష్టమవుతోంది. రోజూ పుట్టుకొచ్చే లెక్కలేనన్ని పాటల మధ్య కందుకూరు వైపు పల్లెలో ఒక హార్మోనిస్టు తన చేతి వాద్యాన్ని రికార్డు చేసి పెడితే అది ఉన్నట్టు పక్క ఊరికి కూడా తెలియదు. పరిచయం చేసేవారు లేని స్వాతంత్ర్యం వాద్యకారుడికి ఒంటరితనంగానే మిగులుతుంది. రూబెన్ వాద్యాన్ని ప్రపంచం వినడానికి రికార్డింగు ఒక్కటే కారణం కాదు. శ్రద్ధగా విని, ఫలానా చోట ఫలానా విధంగా వాయించాడని నాలుగు మాటలు రాసిన పత్రికలు కూడా కారణమే. మీ అనుబంధం ఆ పని ముప్పై ఏళ్ల తరువాత చేసింది. మన వాళ్ల విషయంలో అంత ఆలస్యం చేయవద్దని మనవి.

అందుచేత మీ నుంచి నేను కోరేవి రెండే. జిల్లా పేజీలో ఏ నాటకం, ఏ కచేరీ వార్త వచ్చినా పక్కవాద్యాలు వాయించినవారందరి పేర్లూ, వాద్యం పేరుతో సహా తప్పనిసరిగా ఇవ్వమని మీ విలేకరులకు చెప్పండి. చోటు చాలదంటే శాలువాల జాబితాలో రెండు పంక్తులు తగ్గించవచ్చు. రెండోది, ఈ రెండు జిల్లాల వాద్యకారులు సొంత ఖర్చుతో తెచ్చుకొన్న రికార్డింగులను పక్షానికి ఒకసారైనా సమీక్షించండి. సమీక్ష అంటే నాలుగు పొగడ్తలు కాదు. శ్రుతి ఎక్కడ కుదరలేదో, లయ ఎక్కడ జారిందో, ఎక్కడ అవసరానికి మించి గమకాలు వేశారో నిర్మొహమాటంగా రాయాలి. మన ప్రాంతం వారే కదా అని మెచ్చుకొని వదిలేస్తే వాళ్లను అవమానించినట్టే.

ఈ శీర్షిక మొదలుపెడితే వినవలసినవారి చిట్టా ఒకటి నా దగ్గర ఉంది. అందులో అద్దంకి వైపు ఒకాయన, డెబ్బయ్యేళ్లు దాటినవారు, పద్యం లేకుండా కేవలం హార్మోనియం మీద మోహన, కల్యాణి రాగాలను వాయించి మనవడి సాయంతో రికార్డు చేయించుకున్నారు. మోహన బాగుంది. కల్యాణిలో వేగం ఎక్కువైంది, పక్కన నటుడు లేని లోటు రెండు మూడు చోట్ల తెలుస్తుంది. ఆయన అనుమతి అడిగే ఉంచాను. మీ కార్యాలయం నుంచి కబురు వస్తే ఆ రికార్డింగు మీకు పంపుతాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి,
కావలి, నెల్లూరు జిల్లా.